కొబ్బరి పొట్టు సంచి మీద ఉప్పు లెక్క రాయించండి
(ఉద్యాన శాఖలకు, కాయర్ బోర్డుకు బహిరంగ లేఖ)

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల ఉద్యాన శాఖల ఉన్నతాధికారులకు, కొబ్బరి పీచు పరిశ్రమను చూసే కాయర్ బోర్డు అధికారులకు నమస్కారాలు.

నేను కోనసీమలో పుట్టి పెరిగి, ముప్ఫై ఏళ్ళుగా హైదరాబాద్‌లో ఉంటున్నాను. మా మేడ మీద ఇరవైనాలుగు టబ్బుల్లో మట్టి లేకుండా కూరగాయలు పండించుకుంటాను. మూడేళ్ళ కిందట శీతాకాలంలో ఆ టబ్బులన్నిటిలోనూ టమాటా వేశాను. మొక్కలు ఏపుగా పెరిగాయి, పూత నిలిచింది, గుత్తులు దిగాయి. కాయ నిమ్మకాయంత అయ్యేసరికి అడుగున నీళ్ళు ఊరినట్టు ఒక మచ్చ కనిపించింది. నాలుగు రోజుల్లో అది నల్లబడి, పాత చెప్పు తోలులా గట్టిపడి, లోపలికి సొట్టపోయింది. తొలి కాపులో ఇంట్లోకి వచ్చిన మంచి కాయలను ఒక చేటలో పోయవచ్చు. చూసిన వాళ్ళు తెగులన్నారు, మందు కొట్టమన్నారు. అది తెగులు కాదు. కాయకు కాల్షియం అందకపోతే అలా అవుతుంది. నేను వాడిన ఎరువులో కాల్షియం ఉంది, వేళకు నీళ్ళూ పెట్టాను. అయినా అది కాయదాకా ఎందుకు చేరలేదన్నదానికి జవాబు టబ్బులో మట్టికి బదులు నింపిన కొబ్బరి పొట్టులోనే (దుకాణాల్లో కోకోపీట్ అంటారు) ఉందని తెలుసుకోవడానికి నాకు రెండు పంటకాలాలు పట్టింది. ఆ పొట్టు వచ్చిన సంచి మీద మాత్రం కంపెనీ పేరు, ఒక పచ్చని ఆకు బొమ్మ, 'నూటికి నూరుపాళ్ళు సహజం' అన్న మాట తప్ప ఇంకేమీ లేదు. ఈ లేఖ ఆ సంచి గురించే.

ముందుగా ఒక సంగతి స్పష్టం చేయాలి. వ్యర్థాలతో చేసిన మాధ్యమంలో, అంటే మట్టికి బదులు వేళ్ళకు ఆధారంగా వాడే పదార్థంలో, కూరగాయలు పెంచడానికి నేను వ్యతిరేకిని కాను. ఆ పని నాకు ఇష్టం కాబట్టే మీకు రాస్తున్నాను. మేడ మీద మట్టి పోసుకుంటే ఘనపు మీటరు తడిమట్టి టన్నున్నరకు పైగా తూగుతుంది. తడిసిన కొబ్బరి పొట్టు బరువు దాదాపు అందులో సగం. పాత ఇళ్ళ శ్లాబులకు ఆ తేడా చిన్నది కాదు. మట్టితో పాటు వచ్చే నారుకుళ్ళు, ఎండు తెగులు, వేళ్ళకు బుడిపెలు కట్టించే నులిపురుగులు కూడా దీనిలో ఉండవు. చాలా కూరగాయల నర్సరీలు ఇప్పుడు మడుల్లో నారు పోయడం మానేసి తొంభై ఎనిమిది గుంటల ప్రోట్రేలలో కొబ్బరి పొట్టు నింపి విత్తుతున్నది అందుకే. రైతు నాటే మిరప నారు, టమాటా నారు తొలి నాలుగు వారాలు బతికేది ఈ పొట్టులోనే గనుక, ఇది మేడతోటల సరదారాయుళ్ళ గొడవ అని పక్కన పెట్టవద్దని మనవి.

మా ఊళ్ళో చిన్నప్పుడు కొబ్బరి డొక్కల రాశులు ఇళ్ళకంటే ఎత్తుగా ఉండేవి. ఒలుపు అయ్యాక డొక్కలు పీచు మిల్లుకు వెళ్ళేవి. డొక్క బరువులో పీచు సుమారు ముప్ఫై శాతమే, మిగిలిన డెబ్భై శాతం పొట్టు. పీచుకు తాళ్ళు, చాపలు, పరుపులు అంటూ గిరాకీ ఉండేది; పొట్టును అడిగే నాథుడు లేడు. మిల్లుల వెనక గుట్టలుగా పోసేవారు. దానిలో లిగ్నిన్ అనే గట్టి పదార్థం ఎక్కువ కాబట్టి ఏళ్ళు గడిచినా సరిగా చివకదు. వేసవిలో నిప్పు రవ్వ పడితే మంట కనిపించకుండా లోలోపల రోజుల తరబడి రాజుకునేది. వానాకాలంలో ఆ గుట్టల కింది నుంచి కషాయం రంగు నీళ్ళు జారి బోదెల్లోకి, అక్కడి నుంచి కాలవలోకి దిగేవి. ఆ పొట్టునే ఇవాళ నొక్కి, అయిదు కిలోల బ్లాకులు చేసి, హైదరాబాద్‌లోనే కాక విదేశాల్లోనూ అమ్ముతున్నారు. కోనసీమ వాడిగా నాకది గర్వకారణమే. అయితే పారబోసే వస్తువు అమ్మే వస్తువుగా మారే దారిలో ఒక పని జరగాలి. ఆ పని జరిగిందో లేదో కొనేవాడికి తెలిసే మార్గం లేకపోవడమే నా ఫిర్యాదు.

కొబ్బరి డొక్కలో పొటాషియం, సోడియం, క్లోరైడ్ సహజంగానే ఎక్కువ. డొక్కల్ని ఉప్పుటేరు నీళ్ళలో నానబెడితే ఇంకా పెరుగుతాయి. వీటిలో కొంత నీళ్ళలో కరిగి ఉంటుంది, కడిగితే పోతుంది. మిగిలినది పొట్టు కణాలను అంటిపెట్టుకుని ఉంటుంది, అది మామూలు నీటికి లొంగదు. అలాంటి పొట్టులో మనం కాల్షియం ఉన్న ఎరువు పోస్తే, పొట్టు ఆ కాల్షియాన్ని తాను పట్టుకుని దాని బదులు సోడియాన్ని, పొటాషియాన్ని నీళ్ళలోకి వదులుతుంది. అంటే మొక్కకు వడ్డించిన విస్తరిలోంచి పొట్టే తినేస్తుంది. అందుకే తెలిసిన ఉత్పత్తిదారులు పొట్టును మంచినీళ్ళతో కడిగాక కాల్షియం నైట్రేట్ కలిపిన నీళ్ళలో నానబెట్టి, బయటికి వచ్చిన ఉప్పును మళ్ళీ కడిగేస్తారు. వ్యాపారంలో దీన్ని బఫరింగ్ అంటారు. ఈ మాట తెలుగు సంచుల మీద నేనింతవరకూ చూడలేదు.

మొదటి పంట పోయాక నేను ఒక ఈసీ (విద్యుత్ వాహకత) మీటరు కొన్నాను. జేబులో పెట్టుకునే పెన్నులాంటిదే. నీటిలో కరిగిన ఉప్పులు ఎక్కువైతే అది చూపే అంకె పెరుగుతుంది. కొత్త బ్లాకు ఒకటి డ్రమ్ములో వేసి నానబెట్టి, పిండిన నీళ్ళలో ముంచితే 3.4 చూపించింది. కడిగిన మేలురకం పొట్టును 0.5 లోపు అంకెతో ఎగుమతిదారులు అమ్ముకుంటారు. మా బోరు నీళ్ళతో మూడుసార్లు కడిగాను; 1.3 దగ్గర ఆగింది, ఎన్నిసార్లు కడిగినా అంతకు దిగదు. కారణం కనుక్కోవడానికి ఉత్త బోరు నీళ్ళలో మీటరు ముంచితే 1.1 వచ్చింది! ఉప్పునీళ్ళతో ఉప్పు కడుగుతున్నానన్నమాట. వానాకాలం దాకా ఆగి, చూరు నీళ్ళు పట్టి కడిగితే 0.4కు దిగింది. హమ్మయ్య అనుకుని మళ్ళీ టమాటా వేశాను. ఈసారి అడుగు నల్లబడిన కాయలు తగ్గాయే గాని పోలేదు. కడగడంతో కరిగిన ఉప్పు పోయింది, అంటుకున్నది అలాగే ఉంది. దాన్ని నా మీటరు పట్టుకోలేదు. మూడో ఏడు నాలుగు టబ్బుల పొట్టును కాల్షియం నైట్రేట్ నీళ్ళలో ఒక రాత్రి నానబెట్టి కడిగాను, పక్కనే నాలుగు టబ్బుల్లో ఉత్త కడిగిన పొట్టు పోశాను, ఒకే నారు నాటాను, ఒకే నీళ్ళు పెట్టాను. నానబెట్టిన టబ్బుల్లో కాయలు శుభ్రంగా వచ్చాయి. మిగతా నాలుగింటిలో మళ్ళీ అదే మచ్చ. ఎనిమిది టబ్బుల లెక్కను పరిశోధన అనడానికి నాకు ధైర్యం చాలదు గానీ, నా ఇంటి వరకు అనుమానం తీరింది.

ఈ మధ్యలో ఇంకో ముచ్చట జరిగింది. నా పొట్టును పరీక్ష చేయించుకుందామని కిలో సంచిలో కట్టుకుని ఒక భూసార పరీక్షా కేంద్రానికి వెళ్ళాను. అక్కడి ఉద్యోగి మర్యాదగానే మాట్లాడి, దరఖాస్తు ఫారం ఇచ్చారు. అందులో గ్రామం, సర్వే నంబరు, విస్తీర్ణం రాయాలి. మా మేడకు సర్వే నంబరు ఎక్కడిది? 'మట్టి కాదు కదండీ, మేం దీన్ని తీసుకోలేం' అన్నారు. ఆయన తప్పేమీ లేదు. తీసుకున్నా వాళ్ళ పద్ధతిలో అది తేలదు. మట్టి నమూనాకు బరువు ప్రకారం ఒక వంతుకు రెండున్నర వంతుల నీళ్ళు పోసి కలిపి కొలుస్తారు. పది గ్రాముల ఎండు కొబ్బరి పొట్టుకు పాతిక మిల్లీలీటర్ల నీళ్ళు పోస్తే మొత్తం అదే పీల్చేసుకుంటుంది. తన బరువుకు ఆరేడు రెట్ల నీళ్ళు పట్టే పదార్థమది, మీటరు ముంచడానికి చుక్క మిగలదు. మట్టి లేని సాగులో ముందున్న నెదర్లాండ్స్‌లో ఇందుకే బరువు వదిలేసి పరిమాణంతో కొలుస్తారు: తడిపిన మాధ్యమం ఒక వంతు, నీళ్ళు ఒకటిన్నర వంతు. దీనికి కొత్త యంత్రాలేవీ అక్కర్లేదు. ఉన్న మీటర్లతోనే, ఉన్న సిబ్బందితోనే, ఒక పేజీ సూచనలు పంపి, ఫారంలో సర్వే నంబరు గడి పక్కన 'మాధ్యమం' అని ఇంకో గడి చేరిస్తే జిల్లాకొక కేంద్రంలోనైనా ఈ పరీక్ష మొదలుపెట్టవచ్చు. రుసుము పెట్టండి, కడతాం.

ఇక సంచి సంగతి. నేను కోరేది పెద్ద చట్టమేమీ కాదు. కొబ్బరి పొట్టు గానీ మరే వ్యర్థంతో చేసిన మాధ్యమం గానీ సంచిలో కట్టి అమ్మేటప్పుడు దాని ఈసీ ఎంత, పీహెచ్ (ఆమ్ల, క్షార గుణం) ఎంత, కడిగారా లేదా, బఫరింగ్ చేశారా లేదా, తడిపితే ఎన్ని లీటర్లవుతుంది, ఏ నెలలో ఏ పద్ధతిలో పరీక్షించారు అన్నవి తెలుగులో, కళ్ళకు ఆనే అక్షరాలతో ఉండాలి. లీటర్ల మాట ప్రత్యేకంగా ఎందుకంటున్నానంటే, బరువుతో అమ్మే పొట్టులో తేమ ఎక్కువైతే మనం నీళ్ళు కొన్నట్టే. బాగా ఆరిన అయిదు కిలోల బ్లాకు తడిపితే సుమారు డెబ్భై లీటర్లు అవుతుంది. నాకు ఒకసారి వచ్చిన బ్లాకు మూడు టబ్బులకు కూడా నిండలేదు, ఒక్కో టబ్బు ఇరవై లీటర్లది. యూరప్‌లో ఇలాంటి మాధ్యమాన్ని లీటర్లలోనే అమ్ముతారు. ఎగుమతికి వెళ్ళే బ్లాకుకు ఈ వివరాలన్నీ రాసి పంపే మన ఉత్పత్తిదారులకు అవే వివరాలు అమలాపురం, కడియం, హైదరాబాద్ కొనుగోలుదారుల కోసం రాయడం భారం కాదు. అడిగేవాళ్ళు లేక రాయడం లేదు.

ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ఉంది కదా అని మీరు అనవచ్చు. 1985 నాటి ఆ ఉత్తర్వులో పట్టణ చెత్తతో చేసే కంపోస్టుకు ప్రమాణాలున్నాయి: కిలోకు సీసం 100 మిల్లీగ్రాములు, కాడ్మియం 5 మిల్లీగ్రాములు మించరాదు, ఈసీ 4 దాటరాదు. మంచి నిబంధనలే. కానీ అవి ఎరువును పొలంలో చల్లి కలియదున్నుతారన్న ఊహతో రాసినవి. ఎకరం మట్టిలో కలిసే కొన్ని టన్నుల కంపోస్టుకు 4 అంకె ఇబ్బంది కాకపోవచ్చు. టబ్బులో ఆ ఉప్పును పలచన చేసే మట్టే లేదు. మొలక మొదటి వేరు నేరుగా అందులోకే దిగుతుంది. కొలిచే పద్ధతులు వేరు కాబట్టి ఆ 4నూ నా మీటరు అంకెలనూ పక్కపక్కన పెట్టి పోల్చకూడదని నాకు తెలుసు. నేననేది ఒక్కటే: ఎరువుగా పనికొచ్చేదంతా మాధ్యమంగా పనికిరాదు, రెంటికీ వేర్వేరు కొలతలు కావాలి. పట్టణ కంపోస్టును మూడో వంతు, సగం కలిపి 'పాటింగ్ మిక్స్' అని అమ్మే చోట, పాలకూర, తోటకూర వంటి ఆకుకూరలు తినేవాళ్ళకు సీసం, కాడ్మియం లెక్క కూడా సంచి మీద కనిపించాలి.

చేయగలిగిన వాళ్ళు మనకు లేకపోలేదు. కాయర్ బోర్డు ఎప్పుడో చిప్పపుట్టగొడుగు జాతి శిలీంధ్రంతో పొట్టును నెల రోజుల్లో చివికించే 'పిత్ ప్లస్' పద్ధతిని తెచ్చింది. పచ్చి పొట్టులో ఒక పాలు నత్రజనికి వంద పాళ్ళకు పైగా కర్బనం ఉంటుంది; అలాంటి దానిలో మొక్క నాటితే కర్బనాన్ని తినే సూక్ష్మజీవులు నత్రజనినంతా తామే లాగేసుకుని మొక్కను పసుపుపచ్చగా మారుస్తాయి. ఈ శిలీంధ్రం ఆ నిష్పత్తిని పాతిక లోపుకు దింపుతుంది. బెంగళూరు దగ్గర హెసరఘట్టలోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ళు పులియబెట్టిన కొబ్బరి పొట్టు తయారీని, దానిలో కూరగాయలు పెంచడానికి 'అర్క సస్య పోషక రసం' అనే ద్రవ పోషకాన్ని రూపొందించారు. ఇవి ఉన్నాయని మా కాలనీలో మేడతోట ఉన్న పదిమందిని అడిగితే ఇద్దరికి తెలుసు. దుకాణంలో బ్లాకు కొనేటప్పుడు అది పులియబెట్టినదా, చివికినదా, నిన్న మిల్లులోంచి వచ్చినదా అన్నది దుకాణదారుకే తెలియదు. ఆయన్ని నిలదీసి ప్రయోజనం లేదు.

కొబ్బరి పొట్టు ఒక్కటే దారి కావడం కూడా నాకు నచ్చదు. కోనసీమ పొట్టును అనంతపురానికో ఆదిలాబాద్‌కో లారీలో మోయించేకంటే అక్కడి వ్యర్థం అక్కడ వాడుకోవడం మేలు కదా. వడ్ల బరువులో అయిదో వంతు ఊకే. మిర్యాలగూడ మిల్లుల వైపు బండి మీద వెళ్ళిన వాళ్ళకు కంట్లో పడే బూడిద అనుభవమే. ఆ బూడిదను నేరుగా వాడమని నేను చెప్పను. బాయిలరులో పూర్తిగా కాలిన తెల్ల బూడిదలో ఉండేది దాదాపు సిలికాయే, దానికి క్షారగుణం ఎక్కువ, దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. అదే ఊకను గాలి తక్కువగా ఆడేలా కాల్చి, మంట మధ్యలో నీళ్ళతో ఆర్పితే గింజ ఆకారం చెడకుండా నల్ల బొగ్గుగా మిగులుతుంది. జపాన్ రైతులు దీన్ని నారుమళ్ళలో తరాలుగా వాడుతున్నారు. నేను మూడు పాళ్ళ పొట్టుకు ఒక పాలు ఊక బొగ్గు కలుపుతాను. పొట్టు నీళ్ళు పట్టి ఉంచుతుంది, బొగ్గు గాలి ఆడనిస్తుంది. వంగకు, బెండకు ఈ కలయిక ఉత్త పొట్టు కంటే మేలనిపించింది. గాలి ఆడడానికి కొనుక్కొచ్చే పెర్లైట్ అనే తేలిక రాతి గుళికల ఖర్చు తప్పింది. రాయలసీమలో వేరుశనగ పొట్టు, చక్కెర మిల్లుల దగ్గర చెరకు పిప్పి, పుట్టగొడుగుల షెడ్లలో వాడేసిన వరిగడ్డి ఉన్నాయి. ఇవన్నీ చివికించి, కడిగి, కొలిచాకే పనికొస్తాయి. ప్లైవుడ్ కోసిన రంపపు పొట్టు, థర్మోకోల్ ముక్కలు, థర్మల్ కేంద్రాల బూడిద మాత్రం 'రీసైకిల్' పేరు తగిలించుకున్నా తినే మొక్క కిందికి రానీయకూడదని నా అభిప్రాయం. జిగురు రసాయనాలు, ప్లాస్టిక్ నలుసులు, భార లోహాలు కూరలోకి తెచ్చుకోవడానికి కాదు కదా మనం మట్టి మానేసింది.

వెంకటరామన్నగూడెం, ములుగు ఉద్యాన విశ్వవిద్యాలయాలు, అంబాజీపేట పరిశోధన కేంద్రం కలిసి ఏ జిల్లాలో ఏ వ్యర్థాన్ని ఏ పాళ్ళలో కలపాలో రెండు మూడు పంటలకు పరీక్షించి, సామాన్యుడికి అర్థమయ్యే తెలుగులో ఒక కరపత్రం వేస్తే చాలు. టమాటా, మిరప, వంగ, ఆకుకూరలతో మొదలుపెట్టండి.

కడిగే పని ఎక్కడ జరగాలన్నది అన్నిటికన్నా నన్ను వేధించే విషయం. నా టబ్బులన్నిటికీ ఏడు బ్లాకులు కావాలి. ఒక్కో బ్లాకు సరిగా కడగడానికి మూడొందల లీటర్ల నీళ్ళయ్యాయి. మొత్తం రెండు వేల లీటర్ల పైచిలుకు. వేసవిలో ట్యాంకరు కోసం ఎదురుచూసే ఊళ్ళో ఇంటింటా ఈ పని చేయడం పాపం. కోనసీమలో ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. మిల్లు దగ్గరే గచ్చు వేసి, పొట్టును పలచగా పరచి, ఒక వానాకాలం తడవనిస్తే ఆకాశమే ఉచితంగా కడిగిపెడుతుంది. అయితే గచ్చు చుట్టూ గట్టు ఉండాలి, జారిన కషాయం నీళ్ళు ఒక గుంటలో నిలవాలి, అవి తేటపడకుండా కాలవలో కలవకూడదు. నేను మేడ మీద పండించే నాలుగు టమాటాల కోసం మా ఊరి కాలవ ఎర్రబడితే ఆ కూర నాకు సయించదు. చిన్న మిల్లుల వాళ్ళకు గచ్చుకు, గుంటకు రాయితీ ఇవ్వగలరేమో కాయర్ బోర్డు ఆలోచించాలి. బ్లాకు ధర కొంత పెరిగినా కొంటాం. ఇప్పుడు మేం నీళ్ళ రూపంలో, పోయిన పంట రూపంలో కడుతున్నది అంతకంటే ఎక్కువే.

వాడేసిన మాధ్యమం గురించి ఒక్క మాట. రెండు మూడు పంటల తరవాత పొట్టు మెత్తబడి గాలి ఆడనివ్వదు. దాన్ని నేను శివార్లలో మునగ తోట ఉన్న మిత్రుడికి ఇస్తాను, చెట్ల పాదుల్లో పోసుకుంటాడు. ఆ సౌకర్యం లేని వాళ్ళు పాలిథిన్ గ్రో బ్యాగుతో సహా చెత్తబండికి ఇస్తున్నారు. కొన్న దుకాణమే పాత పొట్టు వెనక్కి తీసుకుని దగ్గరి రైతుకు చేర్చే ఏర్పాటును ఏదో ఒక పురపాలక సంఘంతో కలిసి ప్రయత్నించి చూడండి.

నేను మొదట మోసపోయిన బ్లాకులో ఇంకా రెండు కిలోలు తడపకుండా డబ్బాలో దాచి ఉంచాను, దాని సంచితో సహా. మీ ప్రయోగశాలల్లో ఏదైనా దాన్ని తీసుకుని కొలుస్తానంటే నా ఖర్చుతో తెచ్చి ఇస్తాను. సర్వే నంబరు గడి మాత్రం ఖాళీగా వదిలేస్తాను.

ఇట్లు,
మేడ మీద కూరగాయలు పండించుకునే ఒక పౌరుడు,
హైదరాబాద్.